ఐదుసార్లు వరల్డ్ ఛాంపియన్, ఒలింపిక్ గోల్డ్ మాత్రం ఒక్కటీ లేదు: పీటర్-మిఖాయేల్ కోల్బే కథ

ఈ ఎపిసోడ్‌లో నేను ఒక జర్మన్ ఆటగాడి గురించి చెప్పబోతున్నాను. పేరు పీటర్-మిఖాయేల్ కోల్బే. మనలో చాలామంది ఈ పేరు విని ఉండరు. అందులో వింతేం లేదు, ఎందుకంటే ఆయన ఆట రోయింగ్. క్రికెట్ స్కోర్ నిద్రలో అడిగినా చెప్పే మనకి, రోయింగ్ అనేది నాలుగేళ్ళకోసారి ఒలింపిక్స్ టైమ్‌లో ఛానెల్ మారుస్తుంటే రెండు నిమిషాలు కనిపించే ఆట. హైదరాబాద్ వాళ్ళయితే హుస్సేన్ సాగర్‌లో పొద్దున్నే సన్నటి పడవలు వేసుకుని ప్రాక్టీస్ చేసేవాళ్ళని దూరం నుంచి చూసి ఉంటారేమో.

మరి ఈయన గురించి ఎందుకు? ఒక లెక్క చెప్తా వినండి. కోల్బే మూడుసార్లు ఒలింపిక్ ఫైనల్ ఆడాడు: 1976, 1984, 1988. మూడుసార్లూ సిల్వరే. మొదటిసారి 2.64 సెకన్ల తేడాతో ఓడాడు. రెండోసారి 1.95 సెకన్లు. మూడోసారి 4.91 సెకన్లు. మూడూ కూడితే సరిగ్గా తొమ్మిదిన్నర సెకన్లు. మీరు ఒక రీల్ స్క్రోల్ చేసే టైమ్ కూడా కాదు. ఈ పన్నెండేళ్ళ మధ్యలో ఒక ఇంజెక్షన్ ఉంది, ఒక దేశం తీసుకున్న రాజకీయ నిర్ణయం ఉంది, బ్యాన్ అయిపోయిన ఒక విచిత్రమైన పడవ ఉంది, ఇంకా ఒక ఫైర్‌మ్యాన్ ఉన్నాడు. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆట ఏంటో అర్థం చేసుకోవాలి, లేకపోతే తర్వాత చెప్పేది ఎక్కదు. కోల్బే ఆడింది సింగిల్ స్కల్. అంటే పడవలో ఒక్కడే మనిషి, రెండు చేతుల్లో రెండు తెడ్లు. పడవ పొడవు ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది, వెడల్పు మాత్రం మనిషి కూర్చోడానికి సరిపడా అంతే. బరువు ఇప్పటి రూల్స్ ప్రకారం కనీసం 14 కిలోలు. మన ఇంట్లో నిండు గ్యాస్ బండలో గ్యాస్ ఎంత బరువు ఉంటుందో, ఇంచుమించు అంతే. దూరం 2000 మీటర్లు. ఏడు నిమిషాలు అటూ ఇటూ పడుతుంది. ఆ ఏడు నిమిషాల్లో దాదాపు 230, 240 సార్లు తెడ్డు వేయాలి. ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోడానికని ఆగేది ఉండదు.

ఇంకో ముఖ్యమైన విషయం. రోయింగ్‌లో మనిషి వెనక్కి తిరిగి కూర్చుంటాడు. పడవ ముందుకి పోతుంటే ఆయన మొహం వెనక వైపు ఉంటుంది. దీనివల్ల ఏమవుతుందంటే, ముందున్నవాడికి వెనక వచ్చేవాళ్ళందరూ కనిపిస్తారు. వెనకున్నవాడికి ముందున్నవాడు కనిపించడు, మెడ తిప్పి చూసుకోవాల్సిందే. పరుగు పందెంలో ముందున్నవాడికి వెనక ఏం జరుగుతోందో తెలీదు కదా, ఇక్కడ రివర్స్. కోల్బే తన కెరీర్‌లో చాలాసార్లు ముందున్నవాడే. అంటే తనని దాటబోయేవాడు దగ్గరవుతుండటం ఆయన కళ్ళారా చూస్తూనే తెడ్డు వేశాడు. నన్నడిగితే ఇది కొంచెం క్రూరమైన ఆట.

కోల్బే 1953 ఆగస్టు 2న హాంబర్గ్‌లో పుట్టాడు. అప్పటికి జర్మనీ రెండు ముక్కలు: పశ్చిమ జర్మనీ, తూర్పు జర్మనీ. హాంబర్గ్ పశ్చిమ జర్మనీలో ఉంది. ఈ రెండు ముక్కల గొడవ గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. 1973లో ఇరవై ఏళ్ళకే యూరోపియన్ ఛాంపియన్ అయ్యాడు. 1975లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో వరల్డ్ ఛాంపియన్. ఆ సంవత్సరం పశ్చిమ జర్మనీలో 'స్పోర్ట్స్‌మ్యాన్ ఆఫ్ ది ఇయర్' కూడా ఆయనే. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న దేశంలో, అదీ ముందు ఏడాదే ఫుట్‌బాల్ వరల్డ్ కప్ గెలిచిన దేశంలో, ఒక పడవ నడిపేవాడికి ఆ టైటిల్ రావడం చిన్న విషయం కాదు.

ఇక 1976, మాంట్రియల్ ఒలింపిక్స్. కోల్బే ఫేవరెట్. వరల్డ్ ఛాంపియన్, వయసు ఇరవై రెండు దాటి ఇరవై మూడుకి దగ్గర్లో ఉంది, ఫుల్ ఫామ్. ఫైనల్ మొదలైంది. అనుకున్నట్టే ముందుకెళ్ళాడు. రేసులో చాలా భాగం ఆయనదే లీడ్. అయితే ఆఖరి దశకి వచ్చేసరికి ఒక పొడుగాటి మనిషి వెనక నుంచి రావడం మొదలుపెట్టాడు. ఫిన్లాండ్ వాడు, పెర్టి కార్పినెన్. రెండు మీటర్ల పైనే ఎత్తు. ఉద్యోగం ఫైర్‌మ్యాన్. పుట్టింది కూడా అదే 1953లో. కార్పినెన్ స్పీడ్ పెంచుతుంటే కోల్బే శరీరం మొరాయించేసింది. తెడ్లు బరువెక్కిపోయాయి. కార్పినెన్ దాటి వెళ్ళిపోయాడు. కార్పినెన్ టైమ్ 7:29.03, కోల్బే 7:31.67. బ్రాంజ్ తూర్పు జర్మనీ వాడు యోవాఖిమ్ డ్రైఫ్కెకి.

రేసు లాస్ట్‌లో అలిసిపోవడం కొత్తేం కాదు, అందరూ అలిసిపోతారు. వరల్డ్ ఛాంపియన్ ఉన్నట్టుండి అలా కుప్పకూలినట్టు అయిపోవడమే అందరికీ అనుమానం తెప్పించింది. తర్వాత విషయం బయటికొచ్చింది. ఫైనల్‌కి ముందు కోల్బేకి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు.

ఏం ఇంజెక్షన్ అది? రెండు మందులు కలిపినది. ఒకటి బెరోలాసే, రెండోది తియోక్టాసిడ్. పేర్లు చూసి భయపడకండి. మొదటిది మన శరీరంలో బి1 విటమిన్ పనిచేసే రూపం. రెండోది ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్, ఇది ఈ రోజుల్లో మెడికల్ షాపుల్లో షుగర్ పేషెంట్ల నరాల సమస్యకి ఇచ్చే మాత్రల్లో ఉంటుంది. ఈ రెండూ అప్పట్లో నిషేధిత మందుల లిస్ట్‌లో లేవు. అంటే రూల్ ప్రకారం ఇది డోపింగ్ కాదు.

మరి ఎందుకు ఇచ్చారు? దీనికి కొంచెం సైన్స్ కావాలి. మనం మెల్లగా పరిగెడితే కండరాలకి కావాల్సిన ఆక్సిజన్ సరిపోతుంది. గట్టిగా, ఊపిరి అందని స్థాయిలో పని చేస్తే ఆక్సిజన్‌తో వచ్చే శక్తి ఒక్కటే చాలదు. అప్పుడు శరీరం గ్లూకోజ్‌ని త్వరత్వరగా విరగ్గొట్టి శక్తి తీస్తుంది, ఆ దారిలో లాక్టేట్ పేరుకుంటుంది. దీనితో పాటే కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, కాళ్ళూ చేతులూ మంటెత్తిపోతాయి. రోయింగ్‌లో మొదటి నిమిషంలోనే ఈ పరిస్థితి వచ్చేస్తుంది, ఇంకా ఆరు నిమిషాలు మిగిలి ఉంటాయి. అప్పటి డాక్టర్ల లాజిక్ ఏంటంటే, ఈ రెండు పదార్థాలూ ఆక్సిజన్ వాడుకునే దారిలో సాయం చేసేవి, కాబట్టి బయట నుంచి ఎక్కిస్తే లాక్టేట్ తక్కువ పేరుకుంటుంది, మనిషి ఇంకాస్త సేపు లాగుతాడు అని. కాగితం మీద చదివితే బాగానే ఉంటుంది. కానీ శరీరం అంటే బైక్ ట్యాంక్ కాదు కదా, ఆయిల్ పోయగానే స్పీడ్ పెరగడానికి. లాక్టేట్ అంటే విషం అన్న ఆలోచన కూడా ఇప్పుడు పోయింది. అది కండరాలూ గుండే తిరిగి వాడుకునే ఇంధనం అని ఇవాళ తెలుసు.

ఆ ఇంజెక్షన్ వల్లే కోల్బే ఓడిపోయాడా? ఆ వాదన అప్పుడే గట్టిగా వినిపించింది. జర్మనీలో దానికి 'కోల్బే ఇంజెక్షన్' అనే పేరే పడిపోయింది, ఇప్పటికీ డోపింగ్ చరిత్ర గురించి రాసేవాళ్ళు ఆ మాటే వాడతారు. పాపం, అది ఆయన కనిపెట్టిందీ కాదు, ఆయన ఒక్కడే వేయించుకున్నదీ కాదు, మాంట్రియల్‌లో పశ్చిమ జర్మనీ ఆటగాళ్ళు ఇంకా చాలామంది తీసుకున్నారు. ఓడినవాడి పేరు మాత్రం దానికి అతుక్కుపోయింది. నా అభిప్రాయం అడిగితే, ఇంజెక్షన్ వల్లే ఓడాడని ఖాయంగా చెప్పడానికి లేదు. ఎందుకంటే అవతల ఉన్నది కార్పినెన్. ఆ మనిషి ఏం చేయగలడో ఆ తర్వాత ఎనిమిదేళ్ళూ లోకం చూసింది. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. ప్రపంచంలోనే బెస్ట్ అయిన ఒక ఆరోగ్యవంతుడికి, జీవితంలోనే పెద్ద రేసు ముందు, ఏ జబ్బూ లేకుండా సూది ఎందుకు గుచ్చారు?

దానికి జవాబు ఆ రెండు జర్మనీల గొడవలో ఉంది. మాంట్రియల్‌లో తూర్పు జర్మనీకి 40 గోల్డ్ మెడల్స్ వచ్చాయి. పశ్చిమ జర్మనీకి 10. జనాభా చూస్తే పశ్చిమ జర్మనీయే చాలా పెద్దది, డబ్బున్నదీ అదే. ఒక్క రోయింగ్‌లోనే 14 ఈవెంట్లుంటే తూర్పు జర్మనీ 9 గోల్డ్స్ ఎత్తుకుపోయింది. తూర్పు జర్మనీ వెనక ప్రభుత్వమే నడిపిన డోపింగ్ ఉందని తర్వాత డాక్యుమెంట్లతో సహా బయటపడింది. కానీ అప్పట్లో పశ్చిమం వాళ్ళకి కనిపించింది మెడల్స్ పట్టికే. 'మనమూ ఏదో ఒకటి చేయాలి' అనే కంగారు. ఆ కంగారులో ఎంత దూరం వెళ్ళారంటే, స్విమ్మర్లు నీళ్ళలో ఇంకాస్త పైకి తేలాలని పెద్దపేగులోకి గాలి పంపు చేసే ప్రయోగం కూడా చేశారు. నేను జోక్ చేయట్లేదు, ఇది నిజంగా జరిగింది, పశ్చిమ జర్మనీ పేపర్లలో పరువు పోయింది. ఈ రెండు గొడవల తర్వాత 1977లో అక్కడి క్రీడా సంఘాలు కూర్చుని, టాప్ లెవెల్ ఆటల్లో ఏది చేయొచ్చు ఏది చేయకూడదు అని ఒక ప్రకటన చేసుకోవాల్సి వచ్చింది.

కోల్బే మాత్రం మళ్ళీ పడవెక్కాడు. 1978లో న్యూజిలాండ్‌లోని కరాపిరో సరస్సు మీద రెండోసారి వరల్డ్ ఛాంపియన్. 1979లో కార్పినెన్ గెలిచాడు. అంటే 1980 మాస్కో ఒలింపిక్స్‌కి స్టోరీ రెడీగా ఉంది. ఇద్దరూ ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ వాళ్ళు, రోయర్‌కి సరైన వయసు.

ఆ రేసు జరగలేదు. 1979 డిసెంబర్‌లో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లోకి వెళ్ళింది. మాస్కో ఒలింపిక్స్‌ని బాయ్‌కాట్ చేయమని అమెరికా పిలుపిచ్చింది. పశ్చిమ జర్మనీ ఒలింపిక్ కమిటీ 1980 మే 15న ఓటింగ్ పెట్టింది. వెళ్ళకూడదు అని 59 ఓట్లు, వెళ్దాం అని 40. వెళ్దాం అని ఆటగాళ్ళ తరఫున గట్టిగా వాదించినవాళ్ళలో ఒక ఫెన్సింగ్ ఛాంపియన్ ఉన్నాడు, ఆయన పేరు తోమాస్ బాఖ్. అవును, తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ప్రెసిడెంట్ అయిన ఆయనే. ఫిన్లాండ్ బాయ్‌కాట్ చేయలేదు. కార్పినెన్ మాస్కో వెళ్ళి రెండో గోల్డ్ తెచ్చుకున్నాడు. అన్నట్టు, మన ఇండియా హాకీలో ఆఖరి ఒలింపిక్ గోల్డ్ గెలిచింది కూడా ఆ మాస్కోలోనే. బాయ్‌కాట్ కథలో మనం లాభపడిన వైపు ఉన్నాం. కోల్బే ఇంటి దగ్గర ఉండిపోయాడు. ఓడిపోతే మళ్ళీ ప్రాక్టీస్ చేయొచ్చు, 59 ఓట్లకి ఎక్కడ ప్రాక్టీస్ చేస్తారు?

ఇప్పుడు నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఆ పడవ.

మామూలు రోయింగ్ పడవలో సీటు చిన్న చక్రాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. ఎందుకంటే రోయింగ్‌లో అసలు బలం చేతులది కాదు, కాళ్ళది. మోకాళ్ళు ముడిచి ముందుకి జారి, తెడ్లు నీళ్ళలో వేసి, కాళ్ళతో బలంగా తన్నితే మనిషి వెనక్కి జారుతాడు, తెడ్డు నీటిని నెడుతుంది. తెడ్లని పట్టుకునే ఫ్రేమ్‌ని రిగ్గర్ అంటారు, అది పడవకి బిగించి కదలకుండా ఉంటుంది. అంటే మనిషి కదులుతాడు, రిగ్గర్ కదలదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మనిషి బరువు 90 కిలోలు, పడవ 14 కిలోలు. మీరెప్పుడైనా చిన్న పడవలో నిలబడి ముందుకి ఒక అడుగేస్తే ఏమవుతుంది? పడవ మీ కాళ్ళ కింద వెనక్కి జారుతుంది. ఇక్కడా అంతే. ప్రతి స్ట్రోక్‌కీ 90 కిలోల మనిషి అటూ ఇటూ జారుతుంటే 14 కిలోల పడవ దానికి ఉల్టాగా గుంజుకుంటుంది. దాని స్పీడ్ ఒకసారి పెరుగుతుంది, ఒకసారి పడిపోతుంది. బయట నుంచి చూస్తే నున్నగా జారుతున్నట్టే ఉంటుంది, కానీ లోపల ఆగి ఆగి పోతున్నట్టే లెక్క.

అయితే ఏంటి, యావరేజ్ ఒకటే కదా అనొచ్చు. కాదు. నీళ్ళలో స్పీడ్ పెరిగేకొద్దీ అవసరమయ్యే పవర్ ఇంచుమించు స్పీడ్ క్యూబ్ లెక్కన పెరుగుతుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. స్పీడ్ ఎప్పుడూ 5 అనుకోండి, 5 క్యూబ్ 125. అదే సగం టైమ్ 4, సగం టైమ్ 6 అనుకోండి. యావరేజ్ 5 ఏ. కానీ 4 క్యూబ్ 64, 6 క్యూబ్ 216, రెండిటి సగటు 140. అంటే అదే దూరం, అదే టైమ్, కానీ 12 శాతం ఎక్కువ కష్టం. ఇది అర్థం కావడానికి వేసిన ఉజ్జాయింపు లెక్క మాత్రమే, నిజం పడవలో తేడా వేరేగా ఉంటుంది. కానీ సూత్రం అదే. బైక్ మీద హైవేలో ఒకే స్పీడ్‌లో పోతే వచ్చే మైలేజ్, సిటీ ట్రాఫిక్‌లో బ్రేక్, యాక్సిలరేటర్, బ్రేక్, యాక్సిలరేటర్ అంటే రాదు కదా.

దీనికి పరిష్కారం ఏంటంటే, మనిషిని కదలకుండా కూర్చోబెట్టి, రిగ్గర్‌నే కదిలేలా చేయడం. సీటు ఫిక్స్‌డ్. కాళ్ళు పెట్టుకునే పలకా, రిగ్గర్ రెండూ కలిపి ఒకటిగా చక్రాల మీద జారతాయి. కాళ్ళతో తన్నితే మనిషి వెనక్కి పోడు, ఆ ఫ్రేమ్ అటు వెళ్తుంది. ఇప్పుడు కదులుతున్నది 90 కిలోలు కాదు, కొద్ది కిలోల ఫ్రేమ్. పడవ స్పీడ్ దాదాపు ఒకే తీరున ఉంటుంది. ఐడియా పాతదే, కానీ రేసు గెలిచే స్థాయికి తెచ్చింది 1980ల మొదట్లో. ఫోల్కర్ నోల్టె అనే జర్మన్ బయోమెకానిక్స్ నిపుణుడు దీని వెనక ఉన్నాడు.

1981లో మ్యూనిక్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌కి కోల్బే ఈ పడవతో వచ్చాడు. గెలిచాడు. మూడో టైటిల్. తర్వాత జరిగింది చూడండి: 1982లో సింగిల్ స్కల్ ఫైనల్‌కి వచ్చిన ఆరుగురిలో ఐదుగురు ఇదే రకం పడవలో ఉన్నారు. 1983లో ఆరుగురూ. రెండేళ్ళలో పాత పడవ ఫైనల్ నుంచే మాయమైపోయింది. ఆ 1983లో జర్మనీలోనే, డ్యూస్‌బర్గ్‌లో, కోల్బే నాలుగో టైటిల్ గెలిచాడు.

అదే 1983 ఆగస్టులో అంతర్జాతీయ రోయింగ్ సంఘం ఈ పడవని బ్యాన్ చేసేసింది. కారణం? ఖర్చు. అందరూ కొత్త పడవలు కొనాల్సి వస్తుంది, డబ్బున్న దేశాలే గెలుస్తాయి అన్న భయం. ఆ బ్యాన్ ఇప్పటికీ ఉంది.

ఇది సరైనదా అని నేను చాలాసేపు ఆలోచించాను. స్విమ్మింగ్‌లో కూడా ఇలాగే ఒళ్ళంతా కప్పే పాలియురెథేన్ సూట్లు వచ్చి రికార్డులన్నీ పోతుంటే 2010 నుంచి ఆపేశారు. పరుగులో మందం సోల్ షూస్‌కి 2020లో 40 మిల్లీమీటర్ల హద్దు పెట్టారు. మన లాంటి దేశాల వైపు నుంచి చూస్తే ఖర్చు వాదన నిజమే, ప్రాక్టీస్‌కి మామూలు పడవ దొరకడమే కష్టమైనచోట కొత్త మోడల్ ఎక్కడ కొంటారు? కానీ ఒక చిక్కు. ఆ సూట్లకీ షూలకీ మందులాగా ఏదో రహస్య పదార్థం కావాలి. ఈ పడవలో రహస్యం ఏం లేదు, ఉన్న భాగాల్లో ఏది కదలాలి ఏది కదలకూడదు అనేదే మారింది. బాగా ఆలోచించినందుకు బ్యాన్ పడినట్టు నాకనిపిస్తుంది. మీరు వేరేగా అనుకోవచ్చు, తప్పులేదు.

కోల్బేకి మాత్రం దీని అర్థం ఒకటే. ఒలింపిక్స్‌కి ఏడాది ముందు, తనకి రెండు టైటిల్స్ ఇచ్చిన పడవ లేదు. మళ్ళీ పాత పడవ, మళ్ళీ జారే సీటు, మళ్ళీ కార్పినెన్.

1984, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. రేసు జరిగింది లేక్ కసిటాస్ అనే చోట. ఈసారి సోవియట్ వైపు దేశాలు బాయ్‌కాట్, కాబట్టి తూర్పు జర్మనీ రాలేదు. కోల్బే మళ్ళీ ముందు. 1500 మీటర్ల దగ్గర లీడ్ ఆయనదే. ఇంకో 500 మీటర్లు చాలు. కానీ కార్పినెన్ స్టైలే అది, ఆఖర్లో అందరికీ గాలి అయిపోయాక ఆయనకి మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. ఇందాక చెప్పాను కదా, ముందున్నవాడికి వెనకవాడు కనిపిస్తాడని. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే మనిషి, అదే ఎత్తు, అదే పొడుగాటి స్ట్రోక్, దగ్గరవుతూ. కార్పినెన్ 7:00.24, కోల్బే 7:02.19. తేడా ఒక పడవ పొడవు కంటే ఏ మాత్రమో ఎక్కువ. మూడో స్థానంలో వచ్చిన కెనడా వాడు రాబర్ట్ మిల్స్ ఇంకో ఎనిమిది సెకన్ల వెనక ఉన్నాడు. అంటే ఆ రోజు రేసు ఆరుగురిది కాదు, ఇద్దరిదే. కార్పినెన్‌కి వరుసగా మూడో ఒలింపిక్ గోల్డ్. సోవియట్ రోయర్ వ్యాచెస్లావ్ ఇవనోవ్ రికార్డుతో సమం.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. 1985 వరల్డ్ టైటిల్ కూడా కార్పినెన్‌కే పోయింది. 1986లో మాత్రం నాటింగ్‌హామ్‌లో, అంటే పదకొండేళ్ళ కింద తను మొదటి టైటిల్ గెలిచిన అదే నీళ్ళ మీద, కోల్బే కార్పినెన్‌ని రెండో స్థానానికి నెట్టి ఐదోసారి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. వయసు 33. మగవాళ్ళ సింగిల్ స్కల్‌లో ఐదు వరల్డ్ టైటిల్స్ అంటే, ఆ తర్వాత ఆ లెక్కని అందుకున్న అతి కొద్దిమందిలో న్యూజిలాండ్ వాడు మాహే డ్రైస్‌డేల్ ఒకడు. డ్రైస్‌డేల్‌కి రెండు ఒలింపిక్ గోల్డ్స్ కూడా ఉన్నాయి, అది వేరే విషయం.

వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో గెలిచేవాడు ఒలింపిక్స్‌లో ఎందుకు గెలవలేదు, ప్రెషర్ తట్టుకోలేడా అని చాలా ఈజీగా అనేస్తారు. నేను ఒప్పుకోను. ప్రెషర్‌కి చేతులెత్తేసేవాడు 1500 మీటర్ల దాకా ఒలింపిక్ ఫైనల్‌ని లీడ్ చేయడు. ఒకసారి సూది, ఒకసారి అసలు వెళ్ళనివ్వకపోవడం, ఇంకోసారి మనిషి జాతిలో అరుదుగా పుట్టే ఒక ఫినిషర్. దీన్ని భయం అంటే ఎలా?

1988, సియోల్. కోల్బేకి 35 ఏళ్ళు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఒలింపిక్ ఫైనల్‌లో కార్పినెన్ లేడు, ఆయన సియోల్ వచ్చాడు కానీ ఫైనల్‌కి చేరలేకపోయాడు. దారి క్లియర్ అనుకుంటాం కదా? పక్క లేన్లలో ఇంకో జర్మన్ ఉన్నాడు. తూర్పు జర్మనీ వాడు తోమాస్ లాంగె, 24 ఏళ్ళు, అంతకుముందు ఏడాది వరల్డ్ ఛాంపియన్. కోల్బే 1976లో మాంట్రియల్‌లో పోటీపడేటప్పటికి లాంగెకి పన్నెండేళ్ళు. లాంగె 6:49.86లో ముగించాడు, కోల్బే 6:54.77. న్యూజిలాండ్ వాడు ఎరిక్ వెర్డాంక్‌కి బ్రాంజ్. ఈసారి దురదృష్టం అనడానికేం లేదు, కుర్రాడు స్పష్టంగా ముందున్నాడు. నిజానికి ఆ సిల్వరే నాకు ఎక్కువ ఆశ్చర్యం. 35 ఏళ్ళకి, ఏడు నిమిషాలు ఊపిరి బిగబట్టి లాగే ఆటలో, ప్రపంచంలో ఒక్కడు తప్ప అందరినీ వెనక్కి నెట్టాడు.

సియోల్ తర్వాత రెండేళ్ళకి ఆ రెండు జర్మనీలు ఒకటైపోయాయి. 1992 బార్సిలోనాలో లాంగె మళ్ళీ గోల్డ్ గెలిచాడు, ఈసారి ఒకే జర్మనీ తరఫున. కోల్బే రేసులు ఆపేశాక జర్మన్ రోయింగ్ సంఘంలో స్పోర్ట్ డైరెక్టర్‌గా పనిచేశాడు. 2023 డిసెంబర్‌లో, 70 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

వీలైతే 1984 ఫైనల్ వీడియో ఒకసారి వెతికి చూడండి. చూసేటప్పుడు పడవలని కాదు, కోల్బే తల ఎటు తిరిగి ఉందో గమనించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో తోమాస్ లాంగె గురించీ, తూర్పు జర్మనీ రోయర్లని చిన్నప్పుడే ఎలా ఎంచుకునేవాళ్ళో దాని గురించీ మాట్లాడుకుందాం.